బూట్ల దుకాణంలో వట్టికాళ్ళు

సికింద్రాబాద్‌లో పెంబర్టన్ దొర బూట్ల దుకాణం తెలియనివాళ్ళు ఆ రోజుల్లో లేరు. జేమ్స్ స్ట్రీట్‌లో నిలువెత్తు అద్దాలు, వాటి వెనక మొహం చూసుకోవచ్చన్నంత మెరిసే బూట్లు. పటాలం దొరలు, దొరసానులు, నవాబుల పిల్లలు మోటార్లలో వచ్చి కొనుక్కుపోయేవారు. ఆ బూట్లు అమ్మే నా భర్త దేవసహాయం కాళ్ళకు మాత్రం ఏమీ ఉండేవి కావు. పేదరికం వల్ల అనుకునేరు! మేము పేదవాళ్ళమే గానీ ఆయనకు ఒక జత బూట్లు ఉండేవి. వట్టికాళ్ళతో పనిచేయాలన్నది ఆ దుకాణం రూలు.

తెల్లవాళ్ళు, ఆంగ్లో ఇండియన్లు బూట్లతో పనిచేయవచ్చు. మనవాళ్ళు క్రైస్తవులు గానీ, హిందువులు గానీ, ముస్లిములు గానీ, గుమ్మం బయట విప్పి లోపలికి రావాలి. ఒంటి మీద ఇస్త్రీ చేసిన తెల్ల కోటు, నడుముకు ఎర్ర పట్టీ, కింద బోడి కాళ్ళు. "మీరూ బూట్లు వేసుకుంటే ఎవరు ఎవరో గిరాకీలకు ఎట్లా తెలుస్తుంది?" అనేవాడట పెంబర్టన్. మొహాలు చూస్తే తెలియదా నాయనా? నన్ను అడిగితే ఆ మాటే అనేదాన్ని. నన్నెవరు అడిగారు!

చచ్చిపోయిన మొగుణ్ణి పొగడటానికి ఈ డోరా టీచరు కలం పట్టింది అనుకోకండి. ఆయనలో పొగడదగ్గవి తక్కువే. మహా మొండి. చారులో ఉప్పు తగ్గితే వారం దాకా గుర్తుపెట్టుకునేవాడు. ప్రార్థన మొదలుపెడితే కంచంలో అన్నం చల్లారిపోవాల్సిందే. నేను ఏలూరు నుంచి పెళ్ళిచేసుకుని మెట్టుగూడకు వచ్చి మిషన్ బడిలో పాఠాలు చెప్పుకునేదాన్ని. వాళ్ళ నాన్న రైల్వే వర్క్‌షాపులో కొలిమి పని చేసి పోయాడు. కొడుకు దొరల దుకాణంలో తెల్ల కోటు వేసుకున్నాడని ఆ ముసలాయన కడదాకా మురిసిపోయాడు. కాళ్ళ సంగతి ఆయనకు కొడుకు చెప్పలేదు.

గిరాకీ వస్తే ఈయన మోకాళ్ళ మీద కూర్చోవాలి. ఏటవాలు పీట మీద వాళ్ళ పాదం పెట్టించి, పాత బూటు ఊడదీసి, కొత్తది తొడిగి, తాళ్ళు కట్టి, వేలితో ముందు నొక్కి చూడాలి. ఆర్థర్ అనే ఆంగ్లో ఇండియన్ బూట్లతో నిలబడి పర్యవేక్షిస్తాడు. మౌలాలి రైల్వే కాలనీ మనిషి, గార్డు కొడుకు. చెడ్డవాడేమీ కాదు. నా చేతి గోంగూర పచ్చడి అంటే ప్రాణం పెట్టేవాడు. ఆ పచ్చడి తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

మా ఆయనకు బూట్లంటే పిచ్చి. శనివారం సాయంత్రం గుమ్మంలో కూర్చుని కీర్తన పాడుకుంటూ తన జతకు పాలిష్ పెట్టేవాడు. నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆదివారం అవి తొడుక్కుని గుడికి పోయి, మెట్ల మీద విప్పేవాడు. మా గుడిలో పొద్దున్నే ఇంగ్లీషు ఆరాధన, తరువాత తెలుగు ఆరాధన. ఇంగ్లీషువాళ్ళు బూట్లతోనే లోపల కూర్చుంటారు. మనవాళ్ళు మెట్ల మీద విప్పి వరసగా పెట్టి పోతారు. మేము విప్పుతూ ఉంటే పెంబర్టన్ బూట్లు టకటకలాడించుకుంటూ దిగి వచ్చేవాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఇక్కడ సంతోషంగా విప్పుతున్నారు కదండీ. మరి దుకాణం దగ్గర విప్పడానికి అంత బాధ దేనికి?"

"ఈడ అందరం ఇప్పుతం డోరా. పాస్టరు సుత ఇప్పుతడు. ఆడ మేమే ఇప్పుతం," అన్నాడు.

ఆయన జీవితంలో అన్న తెలివైన మాట అదొక్కటే అని నేను వేళాకోళం చేసేదాన్ని. కానీ నిజంగా అదొక్కటి చాలు.

నలభై ఆరో సంవత్సరం వానల్లో తుకారాం కాలిలో మేకు దిగింది. తుకారాం దుకాణం వెనక షెడ్డులో బూట్లు కుట్టేవాడు, మరమ్మతులు చేసేవాడు. విలాయతీ నుంచి వచ్చిన చెక్కపెట్టెలు విప్పినప్పుడు మేకులు నేల మీద రాలుతాయి. వట్టికాళ్ళతో పెట్టె మోసుకుపోతూ ఒకదాని మీద అడుగేశాడు. అరికాల్లో నుంచి పైకి వచ్చింది. రక్తం కారుకుంటూ ముందు గదిలోకి పరుగెత్తుకొస్తే పెంబర్టన్ కంగారుపడ్డాడట, తివాచీ పాడైపోతుందని. పసుపు అద్దుకుని పనిలోకి పోతూ వచ్చాడు తుకారాం. కాలు వాచింది, నల్లబడింది. చివరికి ఆస్పత్రిలో పాదం ముందు సగం తీసేశారు. కుంటివాడితో కుట్టుమిషను తొక్కించలేమని దుకాణంవాళ్ళు పనిలోంచి తీసేశారు.

అప్పుడు మా ఆయన పెంబర్టన్ ముందుకు పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, నేల మీద మేకులుంటయి. తుకారాంకు ఎంత తక్లీఫ్ అయిందో సూసిండ్రు. మా బూట్లు జెర లోపల ఏసుకోనియ్యిండ్రి," అని అడిగాడు. గొంతు పెంచలేదు, ఎవర్నీ ఒక్క మాట అనలేదు.

పెంబర్టన్ నవ్వాడు. ఆర్థర్‌ను పిలిచి, "వీడు జెంటిల్మన్ అవుతాడట, చూశావా" అని ఇంకా నవ్వాడు. మర్నాటి నుంచి మా ఆయనకు బూట్లు అమ్మే పని లేదు. ఒక గుడ్డ చేతికిచ్చి వాకిట్లో కూర్చోబెట్టారు. వానాకాలం. వచ్చే పోయే ప్రతి దొర బూటూ తుడవాలి, బురద తివాచీ మీదికి రాకూడదు. ఎవరైనా ఆయనతో మాట్లాడితే వాళ్ళకూ గుడ్డ ఇస్తామని లోపల అందరికీ చెప్పారు. నోరు తెరిచి అడిగినందుకు బహుమానం! పండగలకు ఇంటికి కేకు పంపించే దొర, మేము నెత్తి మీద కూర్చోబెట్టుకుంటే కాదనని దొర, కాలికి ఇంత తోలు అడిగేసరికి పులైపోయాడు.

మోకాళ్ళ నిండా బురదతో ఇంటికి వచ్చేవాడు. నీళ్ళు కాచి ఇస్తూ, "మానేయండి. నా జీతంతో గంజి తాగుదాం," అన్నాను.

"మానేస్తే గాడే గెలుస్తడు," అన్నాడు. మొండి అని ముందే చెప్పాను కదా.

ఈలోపల రెజిమెంటల్ బజార్‌లో తన గదిలో మంచం మీద కూర్చుని తుకారాం ఒక పని మొదలుపెట్టాడు. కాలు పోయింది గానీ చేతులున్నాయి. గది మూల ఒక గోనెసంచి నిండా తోలు ముక్కలు ఉన్నాయి. అవి తుకారాం పనిలో ఉన్న రోజుల్లో ఆర్థర్ ఇచ్చినవి. బూట్లు కోయగా మిగిలిన ముక్కల్ని కాలవలో పారబోస్తూ, "నీకు పనికొస్తే తీసుకుపో మాన్," అని అందరి ఎదుటే ఇచ్చాడు. ఆ ముక్కలు అతికి తుకారాం మూడు జతల బూట్లు కుట్టాడు. దగ్గరికి పోయి చూస్తే బొంత కుట్టినట్టు ఉండేవి, నల్ల పాలిష్ పట్టించి దూరం నుంచి చూస్తే పెంబర్టన్ అద్దంలో బూట్లకు తీసిపోవు. ఒక జత మా ఆయనకు, ఒకటి పేతురుకు, ఒకటి బ్రహ్మచారికి. పేతురు మా గుడి సంఘం మనిషే, సాక్సులు, పాలిష్ డబ్బాలు అమ్మేవాడు. బ్రహ్మచారి దుకాణంలో వడ్రంగి, బూట్ల చెక్క అచ్చులు చెక్కేవాడు.

"నా కాలు ఎట్లనో పోయింది. మీరన్న ఏస్కొని లోపలికి పోండ్రి," అన్నాడట తుకారాం, కళ్ళనీళ్ళు పెట్టుకుని.

ముగ్గురూ కలిసి ఒకే పొద్దున బూట్లతో గుమ్మం దాటాలని అనుకున్నారు. ఒక్కణ్ణయితే గెంటేస్తారు, ముగ్గుర్ని ఒక్కసారి గెంటితే దుకాణం నడవదు. ఎంత బాగా ఆలోచించారో! మరి ఏం చేశారో వినండి.

ఆ పొద్దున దుకాణం వెనక వరండాలో కలుసుకున్నారు. ముగ్గురి కాళ్ళకూ బూట్లు. పేతురు మాత్రం తలుపు దగ్గర ఆగాడు. "భయమైతాంది అన్నా, జెర ప్రార్థన చేసి పోదాం," అన్నాడు. ప్రార్థన మాట వింటే మా ఆయన ఆగుతాడా? సరే అన్నాడు. ప్రార్థన అనగానే ఏం చేస్తారు మనవాళ్ళు? బూట్లు విప్పుతారు! పుట్టినప్పటి నుంచీ వచ్చిన అలవాటు, కాళ్ళే విప్పేస్తాయి, మెదడు దాకా పోదు. బ్రహ్మచారి కూడా, "ఏ దేవుడైతేంది, చెప్పులు ఇడిసి మొక్కుడే కదా," అని విప్పాడు. మూడు జతలూ గోడవారగా వరసగా పెట్టి, ముగ్గురూ కళ్ళు మూసుకున్నారు.

మా ఆయన ప్రార్థన సంగతి చెప్పానుగా. తుకారాం కాలు కోసం ప్రార్థించాడు. తుకారాం పెళ్ళాం బిడ్డల కోసం ప్రార్థించాడు. పెంబర్టన్ మనసు కరగాలని ప్రార్థించాడు. ఆమెన్ అని కళ్ళు తెరిస్తే గోడవార ఏమీ లేదు. తలుపు సందులోంచి చూస్తున్న కాపలావాడు వాటిని ఎత్తుకుపోయి దొర బల్ల మీద పెట్టాడు.

యుద్ధానికి పోతూ కత్తి పక్కన పెట్టి కునుకు తీసేవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా? మనవాళ్ళు ఉన్నారు. ఆ సంగతి విన్ననాడు నవ్వాలో ఏడవాలో తెలియక గోడకేసి తల కొట్టుకున్నాను.

ముగ్గుర్నీ లోపలికి పిలిచారు. వట్టికాళ్ళతోనే పోయారు, ఎప్పటిలాగే. పెంబర్టన్ ఒక బూటు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. తన తోలును తాను గుర్తుపట్టడా?

"ఇది నా దుకాణం తోలు. దొంగిలించారు," అన్నాడు.

బూట్ల గొడవ పోయింది, మేకు పోయింది, తుకారాం పాదం పోయింది. ఒక్క మాటతో వీళ్ళు హక్కు అడిగినవాళ్ళు కాకుండా దొంగలైపోయారు. దొర తెలివి అట్లాంటిది. దొంగతనం చేశామని అందరి ముందూ ఒప్పుకుంటే ఎప్పటిలాగే వట్టికాళ్ళతో పనిలో ఉండవచ్చన్నాడు. ఒప్పుకోకపోతే బయటికి.

మా ఆయన ఆర్థర్ వైపు చూశాడు. ఆ తోలు ఎవరిచ్చారో ఆర్థర్‌కు తెలుసు. "నేనే ఇచ్చాను సార్, పారేసేవి," అంటే సరిపోయేది. ఆర్థర్ నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. నేల మీద ఏముంది చూడటానికి? తన బూట్లే ఉన్నాయి.

పేతురు ఒప్పేసుకున్నాడు. బైబిల్లో పేతురులాగే కోడి కూయకముందే బొంకి పేరు నిలబెట్టుకున్నాడు. బ్రహ్మచారి కక్కలేక మింగలేక ఊరుకుంటే, ఊరుకున్నాడు కాబట్టి ఒప్పుకున్నట్టే అన్నాడు పెంబర్టన్. మా ఆయన తెల్లకోటు విప్పి, ఎర్ర పట్టీ విప్పి, రెండూ మడిచి బల్ల మీద పెట్టాడు.

"నేను దొంగను కాను సార్," అన్నాడు. వచ్చేశాడు. తుకారాం కుట్టిన బూట్లు మాత్రం దొర బీరువాలో పెట్టి తాళం వేశాడు.

పెంబర్టన్ పోలీసుల్ని పిలవలేదు. పిలిస్తే ఎవరైనా నిజం అడుగుతారు. పోలీసులకు బదులు బజారుకు చెప్పాడు. జేమ్స్ స్ట్రీట్‌లో, రెజిమెంటల్ బజార్‌లో మా ఆయన ఏ దుకాణం మెట్టు ఎక్కినా, "ఏందీ, పెంబర్టన్ కాడ బూట్లు దొంగిలించినోడివి నువ్వేనా?" అని అడిగేవారు. పని ఇవ్వకపోతే పోయారు, అడిగి నవ్వేవారు. చివరికి స్టేషన్ గూడ్సు షెడ్డులో మూటలు మోయడానికి కుదిరాడు.

బజారు సంగతి సరే. మా సంఘం చేసింది చెబితే సిగ్గుచేటు. జీవరాజు గారని సంఘపెద్ద. గుడి పైకప్పుకు పెంబర్టన్ చందా ఇస్తానన్నాడు, ఇంకా ఇవ్వలేదు. అందుకని జీవరాజు గారు బైబిలు చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. "తమ్మీ, ఒక్క మాట ఒప్పుకుంటే పోయేదేముంది? ప్రభువు క్షమిస్తడు," అన్నారు. మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు.

"చేయని తప్పుకు ప్రభువు క్షమాపణ ఎందుకండీ? అది మీ పైకప్పుకు వాడుకోండి," అన్నాను నేను. అప్పటి నుంచి జీవరాజు గారు నాతో మాట్లాడలేదు. మహా బాగా అయింది.

ఆదివారాలు మాత్రం గుండె కోసినట్టు ఉండేది. మా ఆయన ఎప్పటిలా తన పాత బూట్లు గుడి మెట్ల మీద వరసలో పెట్టేవాడు. ఆయన పెట్టగానే పక్కనున్నవి మాయమయ్యేవి. మా సంఘంలోని రోసమ్మ గారు చెప్పులు గుడ్డసంచిలో పెట్టుకుని లోపలికి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఆమెను చూసి ఇంకొకరు, ఇంకొకరిని చూసి ఇంకొకరు. కొన్నాళ్ళకు మెట్ల మీద మా ఆయన జతా నా జతా తప్ప వేరేవి లేవు. దొంగ బూట్లను ఎవరూ ఎత్తుకుపోరు కదా! అయినా ఆయన అక్కడే విప్పేవాడు. మనమూ సంచి పట్టుకుపోదాం అంటే వినలేదు. "నాదేం పోయేది లేదు," అనేవాడు. నేను లోపల కూర్చుని కీర్తన పాడకుండా పళ్ళు కొరికేదాన్ని.

అట్లా రెండేళ్ళు గడిచాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, మా నైజాముకు రాలేదు. రజాకార్ల రోజుల్లో వీధిలో సగం ఇళ్ళు వణికాయి. నలభై ఎనిమిది సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ అయ్యాక మిగతా సగం వణికాయి. మిలిటరీ లారీలు బారులుగా సికింద్రాబాద్‌లోకి వచ్చిన రోజున మెట్టుగూడ పిల్లలంతా రోడ్డు మీదే ఉన్నారు. మా ఆయన కూడా పోయి చూసి వచ్చాడు. "ఇగ అంత సక్కగైతది డోరా," అన్నాడు. ఆయన మొహంలో అంత వెలుగు చూసి చాలా కాలమైంది. ఆ వెలుగుకే నాకు భయం వేసింది.

పెంబర్టన్ దుకాణం అమ్మేసి ఓడెక్కాడు. కొన్నది విశ్వనాథం సేట్. ఇక్కడివాడే, నెత్తిన తెల్ల ఖద్దరు టోపీ. పోలీస్ యాక్షన్ అయిన తెల్లారి నుంచే ఆ టోపీ పెట్టాడని బజారులో అనుకునేవారు. గిట్టనివాళ్ళ మాటలని నేను అనుకోలేదు.

దీపావళికి ముందు ఒక సాయంత్రం ఆర్థర్ మా గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో కాగితం పొట్లం. నేను లోపలికి రమ్మనలేదు, మా ఆయనే రమ్మన్నాడు. పొట్లంలో తుకారాం కుట్టిన బూట్లు. బీరువా తాళం పగలగొడితే బయటపడ్డాయట, పచ్చగా బూజు పట్టి ఉన్నాయి.

"కొత్త సేట్‌కు నిజం చెప్పేసిన మాన్. తోలు నేనే ఇచ్చిన అని చెప్పిన. నిన్ను మళ్ళీ పనిలోకి రమ్మన్నడు," అన్నాడు ఆర్థర్.

"రెండేళ్ళ కింద చెప్పాల్సిన మాట," అన్నాను.

"అప్పుడు చెప్తే నా నౌకరి పోతుండె, మిస్సెస్ సహాయం."

"ఇప్పుడు చెబితే ఏం పోయింది?"

 ఏమీ పోలేదు కాబట్టే చెప్పాడు. చచ్చిన పాము మీద కర్ర విరగ్గొట్టినట్టు. నేను చాయ్ కూడా ఇవ్వలేదు. పచ్చడి జాడీ గూట్లోనే ఉంది, చూసీ చూడనట్టు వెనక్కి జరిపాను. మా ఆయన మాత్రం అతని చేయి పట్టుకుని ఊపాడు. "షుక్రియా భాయ్," అన్నాడు. ఎక్కడ మండాలో అక్కడ మండింది నాకు.

ఆ రాత్రంతా బూజు తుడిచి పాలిష్ పెట్టాడు. పెళ్ళినాడు కూడా అంత ముస్తాబు చేసుకోలేదు.

దీపావళి నాడు దుకాణంలో లక్ష్మీపూజ, అదే కొత్త దుకాణం ప్రారంభం. అద్దాలకు బంతిపూల దండలు, గుమ్మానికి మామిడాకులు. ఒకప్పుడు పెంబర్టన్ కుర్చీ ఉన్నచోట తెల్లటి పరుపు పరిచి గద్దె వేశారు. గల్లాపెట్టె పక్కన లక్ష్మీదేవి పటం. పనివాళ్ళంతా గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నారు. సేట్ తన చెప్పులు విప్పాడు. ఆర్థర్ తన బూట్లు విప్పాడు, బతుకులో మొదటిసారి ఆ దుకాణంలో. పేతురు విప్పాడు, బ్రహ్మచారి విప్పాడు.

ఆ వరస చూసి మా ఆయనకు ఎంత సంతోషమో! తరువాత ఆయనే చెప్పాడు నాకు. "మన గుడి మెట్ల లెక్కనే ఉండె డోరా. అందరూ ఇప్పుతున్నరు," అని. తాను ఆ పటానికి మొక్కడు గానీ, అందరితో కలిసి నిలబడవచ్చు అనుకున్నాడు. రెండేళ్ళు ఏ బూట్ల కోసం దొంగ అనిపించుకున్నాడో, ఆ బూట్లనే విప్పడానికి సంతోషంగా వంగాడు. ఒక బూటు విప్పాడు. రెండోదాని తాడు లాగుతున్నాడు.

"నువ్వు ఇప్పకు," అన్నాడు సేట్.

మా ఆయనకు అర్థం కాలేదు. వంగినవాడు వంగినట్టే తల ఎత్తి చూశాడు.

"ఏస్కో, ఏస్కో. నీ బూట్ల గొడవ ఆర్థర్ చెప్పిండు. నా దుకాణంల గసొంటి రూల్స్ లేవు. దినమంత బూట్లు ఏస్కోనే పని చెయ్యి, ఎవరొద్దంటరు? ఎనక షెడ్డుల తోలు కాడ నీ పని. గల్లీల నుంచి ఓ దారి ఉన్నది సూడు, అట్ల పో."

"మరి లోపలికి?"

"లోపల లచ్చిందేవి ఉన్నది కద. మీరు... సమజైందా?" సేట్ చాలా మంచిగా చెప్పాడట. కోపం లేదు, తిట్టు లేదు, నవ్వుతూనే చెప్పాడట.

పేతురునెందుకు రానిచ్చారని అడుగుతారేమో. పేతురు తాత ఏ వాడవాడో సేట్‌కు తెలియదు, మా ఆయన తాతలది వెలివాడ అని ఎవరో చెప్పారు. అంతే తేడా. పెంబర్టన్ బూట్లు విప్పి లోపలికి రమ్మన్నాడు. సేట్ బూట్లు వేసుకుని బయట ఉండమన్నాడు. ఆ తెల్లవాడికి మా ఆయన కాళ్ళు గిట్టలేదు, ఈ టోపీవాడికి మనిషే గిట్టలేదు.

మా ఆయన ఒక కాలికి బూటుతో, ఒక కాలు వట్టిదిగా లేచి నిలబడ్డాడు. ఆర్థర్ వైపు చూశాడు. ఆర్థర్ ఈసారీ నేల వైపే చూస్తున్నాడు. ఈసారి అక్కడ బూట్లు కూడా లేవు.

అప్పుడు మా ఆయన రెండో బూటు కూడా విప్పాడు. రెండూ అందరి చెప్పుల పక్కన వరసలో పెట్టాడు. గుమ్మం దాటి లోపలికి నడిచాడు. తివాచీ మీద నుంచి, ఏటవాలు పీట పక్క నుంచి, ఇన్నేళ్ళూ మోకాళ్ళ మీద కూర్చున్న చోటు దాటి, గద్దె ముందు దాకా పోయి నిలబడ్డాడు. పంతులు మంత్రం ఆపేశాడు. ఎవరో బయటికి లాగమని అరిచారు, ముట్టుకుని లాగడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆ మైల భయమే ఆయనకు కాపలా అయింది.

"ఈడ అందరు ఇప్పిండ్రు. నేను సుత ఇప్పిన," అన్నాడు. అంతే అన్నాడు. వెనక్కి తిరిగి, వచ్చిన దారినే ముందు గుమ్మంలోంచి బయటికి వచ్చాడు.

గుమ్మంలో బూట్లు లేవు. ఎవరో కర్రతో మురికికాలవలోకి తోసేశారు. బ్రహ్మచారి పూజ వదిలేసి వచ్చి కాలవలోకి దిగాడు. చేతులతోనే ఆ బూట్లు తీసి, తన పంచె కొంగుతో తుడిచి ఇచ్చాడు. "నాడు నోరు రాలే అన్నా," అన్నాడు. మళ్ళీ ఆ దుకాణంలోకి పోలేదు. లోపల అప్పటికే పసుపునీళ్ళు చల్లి కడుగుతున్నారు.

ఆ సాయంత్రం తడి బూట్లతో ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చుని నాకు ఇదంతా చెప్పాడు. నేను వినీ వినగానే సేట్‌ను, వాడి టోపీని, వాడి ఏడు తరాలను ఏలూరు తెలుగులో ఏకిపారేశాను. ఆయన ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తరువాత ముప్పై ఏళ్ళ పైనే బతికాడు. మెట్టుగూడ రోడ్డు పక్కన తుకారాంతో కలిసి బూట్ల మరమ్మతు కొట్టు పెట్టాడు. బ్రహ్మచారి మూడు కుర్చీలు చేసి ఇచ్చాడు, మూడూ ఒకే ఎత్తు. ఒకటి తుకారాంకు, ఒకటి ఆయనకు, ఒకటి గిరాకీకి. మోకాళ్ళ మీద కూర్చుని మాత్రం ఎవరి కాలూ పట్టుకోలేదు. పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చినా సరే, "మీరే ఇప్పి ఇయ్యిండ్రి సార్," అనేవాడు. కాలికి బూట్లు లేకుండా ఎవరి గుమ్మమూ దాటలేదు. పెళ్ళిళ్ళకు పిలిస్తే ఇంటివాళ్ళు చెప్పులు విప్పారో లేదో బయటి నుంచే చూసేవాడు. వాళ్ళు విప్పితే తానూ విప్పేవాడు. లేకపోతే బూట్లతోనే పోయేవాడు, నాలుగు మాటలు పడేవాడు. గుడి మెట్ల మీద మాత్రం తప్పకుండా విప్పేవాడు. సంచులు పోయి మళ్ళీ వరస వచ్చింది. ఎవరూ క్షమించమని అడగలేదు, వరస దానంతటదే వచ్చింది.

పోయిన లెంట్ ఉపవాస దినాల్లో చనిపోయాడు. నేనే స్నానం చేయించాను, నేనే కోటు తొడిగాను. తుకారాం కుట్టిన బూట్లకు పాలిష్ పెట్టి కాళ్ళకు తొడిగి తాళ్ళు కట్టాను. ఆ బొంత బూట్లకు ఎన్నిసార్లు అడుగు తోలు మార్చారో లెక్కలేదు.

పెట్టె మూసే ముందు జీవరాజు గారు కర్ర పొడుచుకుంటూ వచ్చారు. పండు ముసలి, ఇన్నేళ్ళకు నాతో మాట్లాడారు. పెట్టెలోకి తొంగి చూసి తల అడ్డంగా ఊపారు.

"ఏందమ్మా ఇది? ప్రభువు సన్నిధికి పోతున్నడు. బూట్లతోని పోవుడేంది? ఇప్పుండ్రి," అన్నారు.

నలుగురు ముందుకు వంగారు. నేను ఆయన కాళ్ళ మీద చేయి పెట్టాను.

"ఎవరూ ముట్టుకోవద్దు," అన్నాను. "అక్కడ అందరూ విప్పారో లేదో, ముందు ఆయన్ను చూసుకోనివ్వండి."